వెనుకకు చూచు కన్ను, ముందుకు నడచు నాగలి

ధ్యాన భాగములు: ఫిలిప్పీ 3:13, 14, లూకా 9:62



"ఆనాడు ఆ రెండెకరములు అమ్మకుండ నుండిన యెడల!" శంషాబాదు, జల్‌పల్లి ప్రాంతములలో ఈ మాట వినని ఇల్లు అరుదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడెను. సుమారు 5,500 ఎకరముల నేల దాని క్రిందికి వచ్చెను. చుట్టుపట్ల అనేకులు అంతకు ముందే తమ చేలను కొద్ది వెలకు అమ్ముకొనిరి. పిమ్మట ధరలు ఎట్లు పెరిగెనో మనమెరుగుదుము. నేడు తలమీద విమానము ఎగిరినప్పుడెల్ల కొందరి గుండెలో ఆ పాత లెక్క మరల మొదలగును. ప్రార్థనకు మోకరించినను మనస్సు ఆ పొలము గట్టుమీదనే తిరుగుచుండును.

పౌలు వెనుకటి సంగతులను విడిచి గురివైపు పరుగెత్తువాడనని వ్రాసెను. అయితే ఆయన నిజముగా మరచెనా? స్తెఫనును చంపినవారి వస్త్రములకు తాను కావలి యుంటినని ఏండ్లు గడచిన తరువాతను యెరూషలేములో జనుల యెదుట చెప్పెను (అపొ. కార్య. 22:20). గనుక మరచుట యనగా జ్ఞాపకము చెరిగిపోవుట కాదు. నాగలి మేడిని ఆ జ్ఞాపకము చేతికి అప్పగింపకుండుటయే.

మన చింతలన్నియు ఒక్క తీరువి కావు. కూతురి పెండ్లికో, వైద్యమునకో, అప్పు తీర్చుటకో ఆనాడు పొలము అమ్మితిమి. రేపటి ధర మనకు తెలియదు. తెలియకపోవుట పాపము కాదు. ఇది నష్టము, దీనిని దేవుని చేతిలో విడువవలెను.

కాని ఆ సొమ్ము పంచునప్పుడు తమ్ముని భాగము తగ్గించితిమా? సంగతి చెప్పకయే అక్కచేత వేలిముద్ర వేయించితిమా? ఇది నష్టము కాదు, బాకీ. దీనిని మరచుటకు మనకు సెలవు లేదు. "దేవుడు క్షమించెను" అని చెప్పి బాకీ ఎగవేయుట విశ్వాసము కాదు. జక్కయ్య సంతోషముతో ప్రభువును చేర్చుకొనెను, అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు మరల చెల్లింతుననెను. యూదాయు వెండి నాణెములను తిరిగి యిచ్చెను గాని ప్రభువు నొద్దకు రాలేదు. పేతురు ఏడ్చెను, ఆయన యొద్దకు తిరిగి వచ్చెను. దుఃఖము ఇద్దరికిని కలిగెను, దారులు వేరాయెను.

మన పొరుగుననే ఒక సాక్ష్యమున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకొనెను. ఆ దుఃఖము ఏడ్పుతో ఆగలేదు. వరదను అడ్డుటకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో శంషాబాదునకు చేరువనున్న హిమాయత్‌సాగర్ సిద్ధమాయెను. పోయినవారు తిరిగి రాలేదు. అయినను ఆ జ్ఞాపకము కట్టయై పుట్టబోవు బిడ్డలకు కాపుదలయు త్రాగునీరును ఇచ్చెను.

మన పశ్చాత్తాపమును అట్టి కట్ట కావలెను. వెనుకకు చూచుచు దున్నువాని సాలు వంకర పోవును. ఆ వంకర సాలులో విత్తనము వేయువారు మన పిల్లలే. "అమ్ముకొంటిమి, చెడితిమి" అను మాటనే వినుచు పెరుగు బిడ్డ దేవుని మంచితనమును ఎట్లు నమ్మును? పొలము పోయినను వారికి మనమియ్యగల స్వాస్థ్యమొకటి మిగిలియున్నది. ఈ రాత్రి పండుకొనక ముందు మనలను మనము అడిగికొందము: ఇది నష్టమా, బాకీయా? నష్టమైతే ప్రభువునకు విడుతము. బాకీయైతే తెల్లవారగానే తమ్ముని గడప తొక్కుదము.

ప్రార్థన: ప్రభువా, పోయినదానిని నీకు విడుచుటకు నమ్మికను, చెల్లింపవలసినదానిని చెల్లించుటకు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.