కత్తి దించాక మొదలయ్యే కథ

మామయ్య చాలాకాలం కాలేజీలో తత్వశాస్త్రం చెప్పారు. నేను ఇష్టంగా చదివే కోజీ ఫాంటసీ నవలల మీద, అంటే మాయాలోకంలో యుద్ధాల బదులు మామూలు బతుకులు చూపి సేదతీర్చే కథల మీద, ఆయనకు గట్టి అభ్యంతరాలున్నాయి. వాటి గురించి మా ఇద్దరి మధ్య సాగిన వాదం ఇది.

మామయ్య: ఓర్క్ అట, కాఫీ కొట్టు అట! లోకం ఇంత అల్లకల్లోలంగా ఉంటే, ఇంత చదువుకున్నదానివి మంత్రాలూ మిఠాయిలూ పట్టుకు కూర్చుంటే ఎలాగమ్మా?

నేను: అది ట్రావిస్ బాల్డ్రీ రాసిన 'లెజెండ్స్ అండ్ లాటేస్', మామయ్యా. ఆయన ఆడియో పుస్తకాలకు గొంతునిచ్చే మనిషి. 2022లో ఈ నవలను సొంతంగా అచ్చువేసుకున్నాడు. అదే ఏడాది టోర్ సంస్థ మళ్లీ ప్రచురించింది. ఈ తరహా నవలలకు ఇంత ఆదరణ రావడంలో దాని పాత్ర పెద్దది. వివ్ అనే ఓర్క్ స్త్రీ, అంటే కథల్లో క్రూరులుగా పేరుపడ్డ జాతి మనిషి, ఏళ్లతరబడి కూలికి కత్తి తిప్పి బతికింది. ఇక చాలనుకుని థూన్ అనే ఊళ్లో కాఫీ కొట్టు పెడుతుంది. ఆ ఊరివాళ్లకు కాఫీ అంటే ఏమిటో తెలియదు. కొట్టు తెరిచి కూర్చుంటే ఎవరూ రారు. కథ అక్కడ మొదలవుతుంది.

మామయ్య: మరి సంఘర్షణ ఏదీ? రాజ్యాలు కూలవు, వంశాలు నశించవు. పోగొట్టుకునేదేమీ లేని కథకు బరువు ఎక్కణ్నుంచి వస్తుంది?

నేను: రాజ్యం పోగొట్టుకున్న అనుభవం మనలో ఎంతమందికుంది? కొత్త చోట, తనను అనుమానంగా చూసేవాళ్ల మధ్య నిలదొక్కుకోగలనా అన్న దిగులు మాత్రం ఎందరికో తెలుసు. వివ్ కొట్టుకు మామూళ్లు వసూలు చేసే ముఠా వస్తుంది. ఆమె కత్తి అక్కడే గోడకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని అందుకుంటే గొడవ తేలిగ్గా తీరవచ్చు, కానీ ఆమె మళ్లీ పాత మనిషి అయిపోతుంది. చివరికి కత్తి లేకుండానే, మాటలతో ఒక ఒప్పందానికి వస్తుంది. ఇక్కడ పందెంలో ఉన్నది ఆమె కొత్త బతుకు మొత్తం. అది తక్కువ బరువా?

మామయ్య: ఒప్పుకుంటాను. కానీ మాయ ఉందిగా! ఎంత చిక్కు వచ్చినా మంత్రం వేసి గట్టెక్కే లోకంలో మనిషికి బాధ్యత అనేది ఎలా ఉంటుంది?

నేను: నేను ఈ నవలను మెచ్చుకునేది సరిగ్గా అక్కడే. వివ్ ఆఖరి వేటలో చంపిన జంతువు తలలోంచి ఒక రాయి తీసుకుంటుంది. అదృష్టం తెచ్చే రాయి అని నమ్మి, కొట్టు నేల కింద దాచిపెడుతుంది. తర్వాత అన్నీ కలిసొస్తాయి. కాల్ అనే వడ్రంగి దొరుకుతాడు, థింబుల్ అనే రొట్టెల పనివాడు దొరుకుతాడు, సాయానికి టాండ్రీ చేరుతుంది. ఇదంతా రాయి మహిమే అనుకుంటుంది వివ్. ఒకప్పటి సహచరుడు ఫెన్నస్ ఆ రాయి కోసం కొట్టు తగలబెడతాడు. కొట్టూ పోతుంది, రాయీ పోతుంది. మనుషులు మాత్రం వదిలి వెళ్లరు. అందరూ కలిసి మళ్లీ కడతారు. దైవమా, పురుషకారమా అని మీరు క్లాసులో చెప్పే పాత వాదమే కదా ఇది!

మామయ్య: తొందరపడకు. ఆ మనుషుల్ని అక్కడికి చేర్చింది రాయే కావచ్చు. అప్పుడు గెలిచింది దైవమేగా?

నేను: రాయే చేర్చిందనుకుందాం. ఉన్నది తగలబడిపోయాక కూడా వాళ్లు ఎందుకు ఉండిపోయారు? కలిసిరావడం మన చేతిలో లేదు, కలిసి ఉండటం మన చేతిలో ఉంది. మాయను మొదట ఇచ్చి, తర్వాత తీసేసి, మిగిలినదేమిటో చూడమంటోంది ఈ కథ. మాయ లేని నవలలో ఈ రెంటినీ ఇంత స్పష్టంగా విడదీసి చూపడం కష్టం.

మామయ్య: మరి ప్రేమ? నాలుగు చూపులు, ఒక చిరునవ్వు. విరహం లేదు, తపన లేదు. మన కావ్యనాయికలు చూస్తే జాలిపడతారు.

నేను: వివ్ ప్రేమించేది టాండ్రీని. ఆమె సక్యూబస్. ఎదుటివాళ్ల మనసును లోబరుచుకునే జాతి అని లోకం వేసిన ముద్ర. ఎక్కడికి వెళ్లినా ఆమెకంటే ముందు ఆ అనుమానం వెళ్తుంది. ఓర్క్ అనగానే హింస, సక్యూబస్ అనగానే వల. పుట్టుకను బట్టి గుణం నిర్ణయించే లోకంలో ఆ ఇద్దరూ ఒకరినొకరు పని ద్వారా తెలుసుకుంటారు. కొట్టుకు బోర్డు ఎలా ఉండాలి, ఏ సరుకు కావాలి, రేపేం చేయాలి, ఇవే వాళ్ల మాటలు. ఆ ప్రేమలో ఉద్వేగం తక్కువ కావచ్చు, నమ్మకం ఎక్కువ. నమ్మకానికి వ్యవధి కావాలి. అందుకే అది నెమ్మదిగా నడుస్తుంది.

మామయ్య: నా అసలు అభ్యంతరం ఇంకా చెప్పలేదు. ఓదార్పు అలవాటైతే మత్తవుతుంది. అన్యాయం కూడా అందులో మెత్తగా, ముద్దుగా కనబడుతుంది.

నేను: దానికి ఇంకో నవల జవాబు చెబుతుంది. టి.జె. క్లూన్ నవల 'ద హౌస్ ఇన్ ద సెరూలియన్ సీ' 2020లో వచ్చింది. అందులో లైనస్ బేకర్ ఒక ప్రభుత్వోద్యోగి. మాయాశక్తులున్న పిల్లల అనాథాశ్రమాలు తనిఖీ చేసి నివేదికలు రాస్తాడు. నిబంధనల పుస్తకం దాటి ఎరగడు. ఒక ద్వీపానికి వెళ్లి, అక్కడి ఆరుగురు పిల్లలనూ, వాళ్లను చూసుకునే ఆర్థర్‌నూ ప్రేమిస్తాడు. ఇన్నాళ్లూ తాను రాసిన నివేదికల వెనక పిల్లల బతుకులున్నాయని అప్పుడు తెలిసివస్తుంది. ఆ మెత్తదనం అతన్ని నిద్రపుచ్చలేదు, లేపింది.

మామయ్య: ఒక ఉద్యోగి మనసు మారితే వ్యవస్థ మారుతుందా?

నేను: మారదు. ఈ నవలల హద్దు అదే. దుర్మార్గం సులువుగా కరిగిపోతుందని నమ్మించే పుస్తకాలు వీటిలో ఉన్నాయి, వాటిని నేను సమర్థించను. కానీ అన్యాయం ఎలా ఉంటుందో చూపే సాహిత్యం మనకు చాలా ఉంది. అది పోయాక ఎలా బతకాలనుకుంటున్నామో చూపేది తక్కువ. దేనికోసం పోరాడుతున్నామో ఊహించలేనివాళ్లు ఎంతకాలం పోరాడగలరు?

మామయ్య: నీ పక్షాన ఒక సాక్షిని నేనే తెస్తాను. దుఃఖంతోనూ శ్రమతోనూ అలసినవాళ్లకు నాట్యం విశ్రాంతినిస్తుందని భరతుడు నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే అన్నాడు. అయితే అక్కడే, అది బుద్ధిని పెంచుతుందనీ లోకానికి ఉపదేశమిస్తుందనీ కూడా అన్నాడు. విశ్రాంతి ఒక్కటే చాలదమ్మా.

నేను: ఆ రెంటినీ ఆయన ఒకే చోట చెప్పాడంటే, రెండూ ఒకదానికొకటి శత్రువులు కావనేగా! అలసిన మనసుకు ఉపదేశం ఎక్కదు. ముందు సేదతీరాలి.

మామయ్య: సేదతీర్చే పుస్తకాన్నీ మత్తెక్కించే పుస్తకాన్నీ ఎలా వేరుచేస్తావు?

నేను: మూసేశాక నన్ను నేను అడుగుతాను. నా చుట్టూ ఉన్న మనుషులు ఈ పాత్రలంత మంచివాళ్లు కాదని విసుగొస్తోందంటే, అది మత్తు. వాళ్లమీద ఓపిక పెరిగితే, నా ఇల్లు నడవడానికి ఎవరెవరు ఎంత పని చేస్తున్నారో కొత్తగా కనబడితే, అది సేదతీరడం.

మామయ్య: ఈ పరీక్షకు నేనూ ఒప్పుకుంటాను. కానీ అది పుస్తకానికే కాదు, చదివేవాళ్లకూ పరీక్షే. ఒకే పుస్తకం ఒకరికి ఊరట, మరొకరికి మత్తు కావచ్చు.

నేను: కావచ్చు మామయ్యా. మంచి పుస్తకం చేతికి రావడం కూడా కొంత కలిసిరావడమే. దాన్ని చదివి ఎలాంటి మనిషిగా లేస్తామన్నది మాత్రం మన పని. ఆ పనిని ఏ రచయితా మన బదులు చేసిపెట్టడు.