అలసటను కొలిచేదెవరు?

నైఫ్ సూక్ దగ్గర బరువులు దించే కూలీ అలసిపోయానంటే నమ్ముతాం. కారణం కళ్ళెదుటే ఉంది. రాత్రి నిద్రతో తీరిపోతుంది. క్యాన్సరు వైద్యంలో ఉన్న పదిహేడేళ్ళ కుర్రవాడు పొద్దున్నే లేచి "ఓపిక లేదు" అంటే మాత్రం సందేహిస్తాం. అది నిద్రతో తీరని అలసట. రక్తహీనత అయితే పరీక్షలో తెలుస్తుంది, రక్తం ఎక్కిస్తారు. అంకెలన్నీ సరిగానే ఉండి కాళ్ళు కదలకపోతే? దానికి థర్మామీటరు లేదు. అడగాలి, చెప్పింది నమ్మాలి.

మనలో డాక్టర్లు, నర్సులు చాలామందే ఉన్నారు. తప్పుపట్టడం కాదుగాని, రిపోర్టు చూసి "అంతా బాగుంది" అనేయడం మనకు తేలిక. కుర్రవాడూ అమ్మ బెంగపెట్టుకుంటుందని "బాగానే ఉన్నా" అంటాడు. బడలిక, నీరసం, నిస్సత్తువ అని మనకు ఇన్ని మాటలున్నాయి. ఇక్కడి ఆసుపత్రిలో అన్నీ కలిసి ఒక్క "టయర్డ్" అయిపోతాయి.

నమ్మడమంటే మంచంమీద వదిలేయడమా? అక్కడే ఉంది చిక్కు. పిల్లల క్యాన్సరు అలసటపై 2018లో వెలువడిన మార్గదర్శకాలు వ్యాయామాన్నే గట్టిగా సూచించాయి. ఓపిక లేదన్నవాణ్ణి నడవమనడం క్రూరంగానే తోస్తుంది. కాని వాడి మాట నమ్మి నడవమనడం వేరు, సోమరితనమనుకుని నడవమనడం వేరు. ఆ తేడా వాడికి తెలిసిపోతుంది.

జూలై ఎండలో నైఫ్ వీధుల్లో నడక కుదరదు. కారిడార్‌లో పది అడుగులు, పక్కన ఒకరు తోడు. వాడు చాలన్నచోట ఆగుదాం.