నలుపు నారాయణ మెచ్చు

ఒంటి రంగు విషయంలో మన తెలుగువాళ్ళకి వున్నన్ని మాటలు పట్టుచీరల కొట్టువాడికి కూడా వుండవేమో! తెల్లగా వున్న పిల్లని మనం తెల్లగా వుందనం, "ఎర్రగా వుంది" అంటాం. మరీ ముచ్చటేస్తే "పచ్చగా దబ్బపండులా వుంది" అంటాం. తెలుపన్న మాట దొరలకి వదిలేశాం. మధ్యరకానికి చామనఛాయ వుండనే వుంది. ఎంత పరోపకారి మాటండీ అది! ఎందరు ఆడపిల్లల తండ్రులని గట్టెక్కించిందో! ఇక నిజంగానే నల్లగా వున్న పిల్ల సంగతి వస్తే కన్నతల్లి కూడా ఆ మాట నోట రానివ్వదు. "కాస్త రంగు తక్కువ" అంటుంది. అంటే నలుపు అసలు రంగే కాదన్నమాట. వుండవలసిన రంగు లేకపోవడం. పప్పులో ఉప్పు తక్కువైనట్టు.

"నలుపు నారాయణ మెచ్చు" అని వోదార్చే సామెత ఒకటి వుంది. నారాయణుడు మెచ్చితే సరా, నారాయణుడి తల్లి మెచ్చొద్దూ? రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుడి పేరులోనే నలుపుంది. ద్రౌపది అసలు పేరూ కృష్ణే. అయినా కాలెండర్లు అచ్చువేసేవాళ్ళు దేవుళ్ళిద్దరికీ నీలం పూసి, ద్రౌపదికి గులాబీరంగు వేస్తే గాని మన గోడలకి ఎక్కించరు.

సరే, ఇదంతా ఇంటిలోపలి భాగవతం. ఒకే కడుపున పుట్టిన అక్క చామనఛాయ, చెల్లెలు ఎరుపు, అన్నగారు నలుపు కావచ్చు. ముగ్గురి కులమూ గోత్రమూ ఒకటే. రంగు మన దగ్గర కట్నం లెక్క మారుస్తుంది కాని పుట్టుకని మార్చదు. సముద్రం దాటితే కథ వేరు.

సముద్రం దాకా కూడా పోనక్కర్లేదు. మన విశాఖపట్నం రేవు పట్టణం, యూనివర్సిటీ వున్న వూరు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల నుంచి విద్యార్థులు రావడం కొత్తేం కాదు. మా దూరపు బంధువొకాయనకి చినవాల్తేరులో మేడమీద వాటా ఖాళీ అయితే ఇథియోపియా నుంచి వచ్చిన కుర్రాడొకడు అడగడానికి వచ్చాడు. పి.హెచ్.డి. చేస్తున్నాడట. మర్యాదగా చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి మాట్లాడాడు. అతను వెళ్ళాక మా బంధువు "నల్లవాళ్ళకి ఇవ్వనండీ" అన్నాడు. ఆయన రంగు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఆ కుర్రాడే ఒక పిసరు ఎరుపు! పక్కనే వున్న ఆయన భార్య నావైపు చూసి నవ్వు ఆపుకుంది గాని, ఆయనకి మాత్రం తన మాటలో వింతేమీ తోచలేదు. తోచదు కూడా. ఎందుకంటే ఆయన నలుపు అన్నది రంగుని కాదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట వుంది. ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. ఆ సైనికుల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ మన మధ్య వున్నారు. వాళ్ళని చూసినా "ఏ దేశం వాళ్ళు?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే వుంటారు.

అయితే నలుపంటే ఏమిటి? దీన్ని శాస్త్రంగా మార్చి, చట్టాలు కట్టి, కోర్టులకెక్కించిన దేశం అమెరికా. అక్కడ 1892లో హోమర్ ప్లెసీ అనే ఆయన లూజియానా రాష్ట్రంలో రైలెక్కి తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చున్నాడు. ఆయన ముత్తాతల ముత్తవ్వల వరస లెక్కకడితే ఎనిమిది వంతుల్లో ఏడు వంతులు తెలుపు, ఒక్క వంతు నలుపు. చూపుకి తెల్లవాడే. తనంతట తాను చెప్పకపోతే కండక్టరు పట్టుకోగలిగేవాడు కాదు. చట్టాన్ని సవాలు చెయ్యడం కోసమే కొందరు కలిసి ఆయన్ని ఎక్కించారు కాబట్టి చెప్పాడు, అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు ఆయన ఓడిపోయాడని తేల్చింది. ఒక్క బొట్టు నల్ల రక్తం వుంటే చాలు, మనిషి నల్లవాడే. కడివెడు పాలలో చిన్న విరుగుడు చుక్క పడ్డ లెక్క. ఈ లెక్క వెనక డబ్బు లెక్క కూడా వుందండోయ్. బానిసల కాలంలో తెల్ల యజమానికి బానిస స్త్రీ వల్ల పిల్లలు పుడితే, తల్లి బానిస కాబట్టి పిల్లలూ బానిసలే అన్నారు. కన్నబిడ్డ ఆస్తికి వారసుడు కావడం పోయి, తానే ఆస్తిలో ఒక వస్తువయ్యాడు.

అలా తెల్లని మనిషి నల్లవాడయ్యాడు. మరి నల్లని మనిషి నల్లవాడు కాకుండా పోగలడా? భేషుగ్గా! 1947లో జెస్సీ రూటే అనే నల్లజాతి పాదిరీ న్యూయార్కు నుంచి అలబామా రాష్ట్రానికి తలపాగా చుట్టుకుని, పొడుగాటి అంగీ తొడుక్కుని వెళ్ళాడు. అంతకు నాలుగేళ్ళ కిందట మామూలు బట్టల్లో వెళ్ళి అవమానాలు పడివచ్చినవాడే. ఈసారి ఎవరో విదేశీ ప్రముఖుడనుకుని తెల్లవాళ్ళు కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. అదే ముఖం, అదే చర్మం. అయిదు గజాల గుడ్డ తేడా!

ఇక్కడే మనవాళ్ళ సంగతి వస్తుంది. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టంలో రెండే ద్వారాలు: తెల్లవారికొకటి, 1870 నుంచి ఆఫ్రికా సంతతివారికొకటి. మనం రెంటికీ చెందినవాళ్ళం కాం. అయినా తట్టిన తలుపు మొదటిదే. తాను ఆర్యుణ్ణనీ, పై కులం వాణ్ణనీ వాదించారు. మీరు నీగ్రోలతో పెళ్ళిసంబంధాలు ఎలా కలుపుకోరో మేమూ కిందివాళ్ళతో అలాగే కలుపుకోమని కూడా చెప్పుకున్నారు. ఎంత సిగ్గుచేటు వాదనో! 1923లో కోర్టు, సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది. జనాభా లెక్కలవాళ్ళ తమాషా ఇంకోటి. 1930లో, 1940లో మనవాళ్ళని "హిందూ" అనే జాతిగా రాశారు, సిక్కులైనా, ముస్లిములైనా సరే. 1970లో తెల్లవాళ్ళలో కలిపేశారు. 1980కి ఆసియన్ ఇండియన్లన్నారు. ఆ యాభై ఏళ్ళూ అక్కడ బతికిన మనిషి ఒక్క డబ్బా పౌడరు రాసుకోకుండా మూడు జాతులు మారాడన్నమాట.

ఆ 1923లోనే మన విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వెలిసింది. అక్కడ చదివిన డాక్టర్లు తర్వాతి కాలంలో విరివిగా అమెరికా వెళ్ళగలిగారంటే కారణం 1965లో మారిన వలస చట్టం. ఆ చట్టం వూరికే మారలేదు. నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి, 1964లో పౌరహక్కుల చట్టం సాధించిన వూపులోనే అదీ వచ్చింది. వాళ్ళు తోసిన తలుపులోంచి మనం లోపలికి వెళ్ళాం. వెళ్ళి, ఇల్లు కొనుక్కునేటప్పుడు "ఆ పేటలో నల్లవాళ్ళు ఎక్కువటగా?" అని అడుగుతాం.

అందరూ అలాగే వున్నారని కాదు. కమలాదేవి ఛటోపాధ్యాయ పేరు చేనేత చీరలు ఇష్టపడే మనకెవరికీ కొత్తకాదు. ఆవిడ 1941లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రైల్లో వెడుతూ తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చుంది. టిక్కెట్లు చూసేవాడు వచ్చి లేవమన్నాడు. లేవలేదు. మళ్ళీ వచ్చి ఏ దేశం మీది అని అడిగాడు. ఆ ప్రశ్నలో ఒక వెసులుబాటు వుంది చూశారూ! "ఇండియా" అంటే చాలు, అమెరికా నల్లమనిషి కాదు కాబట్టి వదిలేస్తాడు. ఆవిడ ఆ మాట చెప్పలేదు. ఏ దేశమైతేనేం, నేను రంగున్న మనిషినని కనిపిస్తూనే వుంది కదా, ఇక్కణ్ణించి కదలను, నన్ను విసిగించకు, అంది. చివరికి వాడే ఈవిడ ఇండియా మనిషి కాబోలని గొణుక్కుంటూ పోయాడు.

చదివినప్పుడల్లా వొళ్ళు పులకరిస్తుంది గాని, నాకొక సందేహం కూడా వస్తుంది. ఆవిడకి వద్దనుకోవడానికైనా ఒక దారి వుంది. ఆ పెట్టెలో అలబామా నుంచో మిసిసిపీ నుంచో వచ్చిన నల్లావిడ కూర్చుని అదే మాట అంటే గొణుక్కుంటూ పోయేవాడా? పోలీసుల్ని పిలిచేవాడు. ఏ జాతిలో నిలబడాలో ఎంచుకునే అవకాశం వుండడం కూడా ఒక కలిమే. పుట్టిన పసిబిడ్డకి ఆ కలిమి వుండదు.

పసిబిడ్డ అంటే మాకు తెలిసిన ఒకావిడ మనవరాలు గుర్తొస్తోంది. ఆవిడ భర్త స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెం వైపు సొంతిల్లు. అమ్మాయి అట్లాంటాలో వుద్యోగం చేస్తూ అక్కడి నల్లజాతి అబ్బాయిని చేసుకుంది. అతను స్కూలు మాస్టారు. తల్లిదండ్రులు ఏడ్చారు, అరిచారు, ఏడాది మాట్లాడలేదు, ఆ తర్వాత పాప పుట్టింది, మాట్లాడారు. ఇప్పుడు "అల్లుడు బంగారం" అంటుంది ఆవిడ. నిజమే అంటుంది. అయినా షోకేసులో పాప ఫోటో ఒక్కటే వుంటుంది. ఎవరన్నా అడిగితే "అల్లుడు అమెరికన్" అని చెప్తుంది. ఆ మాట వినగానే వచ్చినవాళ్ళు ఎవరిని వూహించుకుంటారో ఆవిడకీ తెలుసు.

తల్లీకూతుళ్ళకి మొన్న ఫోనులో మాటా మాటా వచ్చిందిట. పాపకి మూడేళ్ళు. "నువ్వు నల్లపిల్లవి, మీ నాన్నలా, మీ నాన్నమ్మలా" అని కూతురు చెప్పుకుంటూ పెంచుతోంది. ఈవిడ ప్రాణం గిలగిల్లాడింది. "అదేవిటే, బంగారుబొమ్మలాంటి పిల్లని పట్టుకుని నువ్వే నల్లపిల్ల అంటావా? అది నలుపేవిటి, నీ రంగే, చక్కటి చామనఛాయ. స్నానానికి ముందు కాస్త శనగపిండీ మీగడా రాయి, ఇంకా తేలుతుంది" అంది. కూతురు ఫోను పెట్టేసింది.

నన్నడిగితే ఇద్దరూ ప్రేమతోనే మాట్లాడారు. చిక్కంతా మాటలో వుంది. తల్లి చెవికి నలుపంటే లోపం. లోపాన్ని కాదనడం కన్నా ప్రేమ ఏముంటుంది? కూతురు నోట అదే మాట ఇంటిపేరు లాంటిది. ఎవరో కొట్టి పెట్టిన పేరే కాని, దాన్నే పట్టుకుని ఒక జాతి జాతంతా పాటలు కట్టుకుంది, చర్చీలు కట్టుకుంది, పోరాడింది. ఆ ఇంటిపేరు పాపకి చెప్పకపోతే వీధిలో మొదటిసారి ఎవడో తిట్టుగా చెప్తాడు. కమలా హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ మద్రాసు మనిషి. తండ్రి జమైకా నుంచి వచ్చినవాడు. ఆ తల్లి కూడా, ఈ దేశం నా కూతుళ్ళని నల్లపిల్లలుగానే చూస్తుందని గ్రహించి, ధైర్యంగా, గర్వంగా అలాగే పెంచిందని కూతురే రాసుకుంది. 2024 ఎన్నికల్లో ఆవిడ ప్రత్యర్థి, ఈవిడ వున్నట్టుండి నల్లజాతిదైపోయిందని ఎద్దేవా చేశాడు. మనవాళ్ళేమో ఆవిడలో తల్లివైపు సగాన్ని "మన పిల్ల" అని ఎత్తుకుని, తండ్రివైపు సగం ఎవరిదో అన్నట్టు వూరుకున్నారు. మన లెక్క ప్రకారమే చూసినా, పిల్లకి తండ్రి గోత్రమే కదండీ వచ్చేది?

ఆ మాటే మా స్నేహితురాలితో అన్నాను. కాసేపు ఆలోచించి "గోత్రం సరే, శనగపిండి సంగతి వేరు" అంది! ఆవిడ భయం నాకు తెలుసు. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా అయినప్పుడు అక్కడ కొందరు ఆవిడని అరబ్బనీ, టెర్రరిస్టనీ నోరుపారేసుకున్నారు. ఇక్కడ మనవాళ్ళు, ఈ రంగుతో ఆ పిల్ల మన దేశంలో పోటీకి నిలబడితే గెలిచేదా అని నిజాయితీగానే తర్కించుకున్నారు. రెండు దేశాల్లోనూ తిట్టు తిన్నది ఆ చర్మమే. మినియాపొలిస్‌లో 2020లో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు మోకాలి కింద ప్రాణం వదిలితే, లోకమంతా అట్టుడికి, ఆ సెగకి 1975 నుంచీ మన ఇళ్ళల్లో వున్న ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబు పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. మా వీధి కిరాణా కొట్లో ఆడపిల్లలు ఇంకా పాత పేరుతోనే అడుగుతున్నారు.

కూతురు కుటుంబం సంక్రాంతికి వస్తోందిట. అల్లుడు విశాఖపట్నం రావడం ఇదే మొదలు. పాప జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా వుంటుంది, మన దువ్వెనకి లొంగదు. పండక్కి జడవేసి చామంతులు పెట్టాలని ఈవిడ కోరిక. అందుకని అట్లాంటాలోని వియ్యపురాలికి తనంతట తానే వీడియోఫోను చేసి అడిగింది. వియ్యపురాలన్న మాట ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి. ముందు తడిపి, నూనె రాసి, పాయలు పాయలుగా విడదీసి, కొసల నుంచి పైకి చిక్కు తియ్యాలిట. గంటన్నర పడుతుందిట. కొబ్బరినూనె బాగుంటుందని ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారట. జడ సంగతి తేలిపోయింది. కాలనీలో వాళ్ళకి అల్లుణ్ణి ఎవరని చెప్పాలన్నది మాత్రం ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.