అందరూ వద్దన్నవాణ్ని చేరదీయడం దయా, బేరమా?



విభీషణ శరణాగతి వీడియో పెట్టిన దగ్గర్నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "రాముడు విభీషణుణ్ని చేర్చుకున్నది దయతోనా, లేక లంక గుట్టు తెలిసినవాడు చేతికి దొరికాడనా?" వీడియోలో దీన్ని పైపైన తాకి వెళ్ళిపోయాం. ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దాం. ఎందుకంటే ఇది రామాయణంతో అయిపోయే ప్రశ్న కాదు. జట్టులోకి ఆటగాణ్ని తీసుకునేవాళ్ళకీ, ఉద్యోగం ఇచ్చేవాళ్ళకీ, పెళ్ళి సంబంధం చూసేవాళ్ళకీ అందరికీ ఎదురయ్యేదే.

ఆ రోజు ఎవరేమన్నారు?

వాల్మీకి యుద్ధకాండలో ఈ ఘట్టం చదివితే అచ్చం ఒక ఇంటర్వ్యూ ప్యానెల్‌లా ఉంటుంది. నలుగురు అనుచరులతో విభీషణుడు వచ్చి శరణు అంటాడు. సుగ్రీవుడు నమ్మకూడదంటాడు, శత్రువు పంపిన మనిషంటాడు. అంగదుడు గుణదోషాలు పరీక్షించి తీసుకుందామంటాడు. శరభుడు ముందు గూఢచారిని పంపమంటాడు. జాంబవంతుడికి వచ్చిన వేళా, వచ్చిన చోటూ రెండూ అనుమానంగానే కనిపిస్తాయి. మైందుడు మెల్లగా ప్రశ్నలు వేసి తెలుసుకుందామంటాడు.

చివర్లో హనుమంతుడు మాట్లాడతాడు. ఎదురుగా వచ్చి పేరు చెప్పుకున్నవాడి మీద గూఢచారి దేనికి? ఏదో ఒక పని అప్పగించకుండా మనిషి ఎలాంటివాడో ఎలా తెలుస్తుంది? అతని మాటలోగానీ ముఖంలోగానీ కపటం కనపడలేదు. ఇదంతా చెప్పి ఇంకో మాట కూడా అంటాడు. నువ్వు వాలిని చంపి సుగ్రీవుడికి రాజ్యం ఇచ్చావని విని, తనకీ రాజ్యం దొరుకుతుందన్న ఆశతోనే వచ్చి ఉంటాడని.

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. విభీషణుడికి స్వార్థం లేదని హనుమంతుడు అనడంలేదు. స్వార్థం ఉంది, అయినా తీసుకోవచ్చు అంటున్నాడు. అంటే లాభం ఉన్నంత మాత్రాన దయ అబద్ధమైపోదు. మన ప్రశ్నలో సగం ముడి ఇక్కడే విడిపోతుంది.

మన హైదరాబాద్ కుర్రాడి కథ

మిగతా సగానికి క్రికెట్ దగ్గరికి వెళ్దాం. మహమ్మద్ సిరాజ్ మనలో చాలామందికి ఇష్టం. ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2016-17 రంజీ సీజన్లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీశాడు. 2017 వేలంలో 20 లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్లకి పెరిగి సన్‌రైజర్స్‌కి వచ్చాడు. ఆ సీజన్లో 6 మ్యాచులు ఆడాడు, 10 వికెట్లు తీశాడు. మరుసటి ఏడాదే సొంతూరి జట్టు నుంచి బెంగళూరుకి వెళ్ళిపోయాడు.

అక్కడ మొదటి రెండు సీజన్లూ బాగా సాగలేదు. 2019లో ఓవర్‌కి 9 పరుగుల పైనే ఇచ్చాడు. కోల్‌కతాతో ఒక మ్యాచ్‌లో బీమర్లు వేసినందుకు బౌలింగ్ నుంచే తప్పించారు. క్రికెట్ మానేసి మీ నాన్నతో పాటు ఆటో తోలుకో అని అప్పట్లో జనం అన్నారని తర్వాత అతనే చెప్పాడు. బెంగళూరు మాత్రం వదల్లేదు. 2020 అక్టోబర్‌లో అదే కోల్‌కతా మీద 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అయ్యాడు. తర్వాతి నెలలో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. ఇంటికి వెళ్ళే అవకాశం ఇచ్చినా జట్టుతోనే ఉండిపోయాడు. ఆ సిరీస్‌లో మన తరఫున అందరికంటే ఎక్కువ వికెట్లు, 13, అతనివే.

కథ ఇక్కడే ఆపేస్తే చాలా బాగుంటుంది. "నమ్మినవాళ్ళు గెలిచారు, వదిలేసినవాళ్ళు చేతులు కాల్చుకున్నారు" అని రీల్ చేసేసుకోవచ్చు. కానీ కథ ఆగలేదు. ఏడు సీజన్లు ఉంచుకున్న బెంగళూరే 2025కి ముందు అతన్ని వదిలేసింది. గుజరాత్ 12.25 కోట్లకి తీసుకుంది. ఆ ఏప్రిల్‌లో చిన్నస్వామి స్టేడియంలో బెంగళూరు మీదే 3 వికెట్లు, నాలుగు రోజుల తర్వాత ఉప్పల్‌లో హైదరాబాద్ మీద 17 పరుగులకే 4 వికెట్లు తీశాడు. మరి వదిలేసిన బెంగళూరు నష్టపోయిందా? ఆ ఏడాదే వాళ్ళు మొదటిసారి కప్పు గెలిచారు!

కాబట్టి వదిలేసినవాళ్ళంతా గుడ్డివాళ్ళు, పట్టుకున్నవాళ్ళంతా జ్ఞానులు అనుకోకండి. జట్టులో 11 మందికే చోటు. ఒకరిని తీసుకోవాలంటే ఇంకొకరిని వదలాల్సిందే.

తొందరగా ఎందుకు వదిలేస్తారు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకి మెదడు లాంటివాడు, దాదాపు ప్రతి ఎత్తూ అతని చేతుల మీదుగానే నడుస్తుంది. శామ్ డార్నాల్డ్ అనే కుర్రాణ్ని 2018లో న్యూయార్క్ జెట్స్ దేశం మొత్తం మీద మూడో ఎంపికగా తీసుకుంది. మూడేళ్ళకే వదిలించుకుంది. ఇంకో రెండు జట్లు తిరిగి, 2024లో మిన్నెసోటాకి వచ్చి ఆ సీజన్లో 14 మ్యాచులు గెలిపించాడు. మనిషి అతనే. మారినవి చుట్టూ ఉన్న కోచ్, ముందు నిలబడి కాపాడేవాళ్ళు, బంతి అందుకునేవాళ్ళు.

తొందరగా వదిలెయ్యడానికి కారణాలు మనకి తెలియనివేం కావు. ఎంత ఎక్కువ పెట్టి కొంటే అంత తొందరగా ఫలితం కావాలి. ఎంపిక చేసిన మేనేజర్ కుర్చీకే గ్యారంటీ ఉండదు, ఇక ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా చుట్టూ ఉన్న లోపం కూడా మనిషి ఖాతాలోనే పడిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లోనూ అంతే. ఒక ప్రాజెక్టులో పనికిరాడన్నవాడు ఇంకో టీమ్‌లో అందరికీ దిక్కవుతాడు.

సరే, అలా వదిలేసినవాణ్ని వెతికి పట్టుకోవడం తెలివి. అది ధర్మం కూడానా?

కర్ణుడి బాకీ

ఆదిపర్వంలో అస్త్రవిద్యా ప్రదర్శన రోజు గుర్తు తెచ్చుకోండి. నీ వంశమేదని కృపాచార్యుడు అడిగితే కర్ణుడు తలదించుకుంటాడు. నిండు సభలో అతనికి విలువ కట్టింది దుర్యోధనుడొక్కడే. అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చేశాడు. బదులుగా ఏం కావాలంటే, నీ స్నేహం చాలన్నాడు. బయటికి చూస్తే రాముడు చేసిందీ దుర్యోధనుడు చేసిందీ ఒకటే. ఇద్దరూ అందరూ కాదన్నవాణ్ని చేరదీశారు, ఇద్దరూ రాజ్యం ఇచ్చారు, ఇద్దరికీ లాభం ఉంది.

తేడా ఎక్కడుంది? నాకు రెండు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది, నిర్ణయం దేని మీద నిలబడిందన్నది. దుర్యోధనుడు చూసింది అర్జునుడికి సరిజోడు. కర్ణుడికి ఆ విల్లు చేతగాకపోతే ఆ రోజు కిరీటం వచ్చేదా? రాముడు మాత్రం, దోషం ఉన్నా సరే, స్నేహం కోరి వచ్చినవాణ్ని వదలనంటాడు. వచ్చినవాడు సాక్షాత్తూ రావణుడే అయినా అభయం ఇస్తానంటాడు. రావణుడి బలమెంత, సైన్యమెంత అని విభీషణుణ్ని అడగడం అభయం ఇచ్చాకే. లాభం వచ్చింది, నిజమే. కానీ అభయం ఆ లాభం మీద ఆధారపడలేదు.

రెండోది, తీసుకున్నవాడికి మిగిలిన స్వేచ్ఛ. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి జన్మరహస్యం చెప్పి, పాండవుల వైపు వస్తే రాజ్యం నీదే అంటాడు. ధర్మం ఎటుందో కర్ణుడికి తెలుసు. అయినా కదల్లేకపోయాడు. ఆనాటి కిరీటం తీర్చలేని బాకీ అయి కూర్చుంది. దుర్యోధనుడి స్నేహం అబద్ధమని నేను అనను, కడదాకా నిలబడ్డాడు. కానీ కాదు అనే హక్కు మిగలని మేలు మనిషిని లేపుతూనే కట్టేస్తుంది.

ఆబిడ్స్‌లో తూకం

ఆదివారం ఆబిడ్స్‌లో నడిచారా ఎప్పుడైనా? మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఎవరో వద్దనుకున్నవే అన్నీ. అక్కడ యాభై రూపాయలకి మంచి పుస్తకం దొరికితే మనకెంత ఆనందం! తప్పేం లేదు. పుస్తకానికి ఆకలి ఉండదు, అవమానం ఉండదు. అదే లెక్క మనిషికి వేస్తేనే చిక్కు. పిల్లల కోసం మూడేళ్ళు ఉద్యోగం మానేసి తిరిగొచ్చిన ఒక అమ్మాయి ఉంది. పని మిగతావాళ్ళతో సమానంగా వచ్చని ఇంటర్వ్యూలోనే తెలిసిపోయింది. వేరే దారి లేదు కదా అని సగం జీతం చెప్పి, పైగా "నీకు ఛాన్స్ ఇస్తున్నాం" అంటే? అది బేరం. దానికి దయ అని పేరు పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

శాంతిపర్వంలో తులాధారుడనే వ్యాపారి ఉంటాడు. పక్షులు జుట్టులో గూడు కట్టుకున్నా కదలకుండా తపస్సు చేసిన జాజలి, కాశీలో సరుకులమ్ముకునే ఈయన దగ్గరికి ధర్మం నేర్చుకోవడానికి వస్తాడు. తులాధారుడు చెప్పేది తన త్రాసు అందరికీ సమానమని. ఎదుటివాడి అవసరాన్ని బట్టి ముల్లు వంగదు. జట్టు పెట్టేవాళ్ళకీ ఉద్యోగం ఇచ్చేవాళ్ళకీ ఇదే ధర్మం అనుకుంటాను. అందరికీ శరణు ఇవ్వడం వాళ్ళవల్ల కాకపోవచ్చు, తూకం సరిగ్గా వెయ్యడం మాత్రం వాళ్ళ చేతుల్లోనే ఉంది.

ఆబిడ్స్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఫతే మైదాన్ ఉంది, ఇప్పటి ఎల్‌బీ స్టేడియం. మన ఊరి ఫుట్‌బాల్‌ని దేశానికి చూపించిన రహీం సాబ్‌ని 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి గుర్తుచెయ్యక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం ముందు స్కూల్ టీచర్. సికింద్రాబాద్ వైపు పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాంలో ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే అద్దె సైకిల్‌కి ఆయనే ఇచ్చారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. రహీం సాబ్‌కి లాభం లేదా? ఉంది, మంచి ఆటగాడు దొరికాడు. కానీ ఎదుటివాడి లేమిని చూసి ధర తగ్గించలేదు, ఆ లేమిని తన జేబులోంచి కొంచెం తీర్చారు.

ఎవరినైనా ఎంచుకునే ముందు

ఈ మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకోండి.

వేరే దారి లేదని తెలిసి ధర తగ్గిస్తున్నానా?

మొదటి చెడ్డరోజు వస్తే ఎంతవరకు ఆగుతానో ముందే చెప్పానా?

బాగుపడ్డాక వెళ్తానంటే, బాకీ గుర్తుచెయ్యకుండా పంపగలనా?

మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగితే లాభం వచ్చిందని సిగ్గుపడక్కర్లేదు. ఇక మీరే ఎవరో వద్దన్నవాళ్ళయితే ఒక్క మాట. వేలంలో పలికే ధర ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళ అవసరం మాత్రమే. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకి 6 వికెట్లు తీసిన సిరాజ్, తనకి వచ్చిన ప్రైజ్ మనీని అక్కడి గ్రౌండ్ స్టాఫ్‌కి ఇచ్చేశాడు. వాళ్ళని ఏ వేలంలోనూ ఎవరూ పిలవరు, వాళ్ళు లేకపోతే మాత్రం మ్యాచ్ జరగదు.

వచ్చే వారం వీడియోలో తులాధారుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. అప్పటిదాకా, మీ టీమ్‌లో అందరూ పక్కన పెట్టిన ఒక మనిషితో కూర్చుని ఒక్క టీ తాగండి. ఏ లెక్కా లేకుండా.

జై శ్రీరామ్.