తొలి కిస్తు కట్టకముందే

అమ్మలూ,

సింగ్‌నగర్‌లో ఇడ్లీ బండి పెడుతున్నావని విని సంబరపడ్డాను. పెట్టుబడికి డైలీ ఫైనాన్స్ అతన్ని అడిగావని మీ అమ్మ చెప్పాక మాత్రం నిద్ర పట్టలేదు.

పది వేలని రాసుకుని చేతిలో తొమ్మిదే పెడతాడు. రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టమంటాడు. పోయేది వెయ్యేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తీరుస్తూనే ఉంటావు కదే, యాభయ్యో రోజుకి అతని సొమ్ము నీ దగ్గరుండేది సగమే! లెక్క కడితే ఏడాదికి నూటికి 80 రూపాయల పైమాటే.

నేను కూరగాయల బుట్ట మోసిన రోజుల్లో బ్యాంకు మెట్లెక్కాలంటే కాళ్లు వణికేవి. నాలాంటి వాళ్లే అహ్మదాబాద్‌లో 4,000 మంది ఆడవాళ్లు, తలా పది రూపాయలు వేసుకుని 1974లో ‘సేవా’ బ్యాంకు పెట్టుకున్నారట. ఆ సంగతి మెప్మా పొదుపు సంఘంలో చేరాకే నాకు తెలిసింది. మా సంఘానికి లోను ఇచ్చిన బ్యాంకులోనే తర్వాత నా పేరున ఖాతా తెరుచుకున్నాను.

నీకు అంతకన్నా దగ్గర దారి ఉంది. మున్సిపాలిటీలో వీధి వ్యాపారి కార్డు తీసుకుని పీఎం స్వనిధి పథకం లోనుకి దరఖాస్తు పెట్టు. తాకట్టు లేకుండా మొదట 15,000 ఇస్తారు. సక్రమంగా తీరిస్తే 25,000, ఆపైన 50,000. గడువులోగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ నీ ఖాతాలోనే పడుతుంది.

మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్లూ ఇంటికొచ్చి గ్రూపు లోను ఇస్తామంటారు. అవసరమైతే తీసుకో, వడ్డీ కాగితం చదివించుకున్నాకే వేలిముద్ర వెయ్యి. ఇంట్లో అందరి కిస్తులూ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. నన్నడిగితే సగం కూడా ఎక్కువే. వానాకాలంలో బండి తియ్యని రోజులుంటాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. నీ పేరు మీద ఎవరికీ అప్పు తీసివ్వకు. పొరుగావిడ కన్నీళ్లకి కరిగి ఒకసారి నేనిచ్చాను. ఆవిడ ఊరొదిలింది, రెండేళ్లు నేను కట్టాను. ఓ కిస్తు తప్పితే ఇప్పుడు సిబిల్ అప్పుల రికార్డులో కూర్చుంటుంది, రేపు ఏ బ్యాంకుకెళ్లినా అదే ముందు పలుకుతుంది.

రాత్రి బండి కడిగాక కిస్తు డబ్బు వేరే డబ్బాలో వేసి, మిగిలిందే నీదనుకో. మొదటి వాయి నాకు పంపు. ఊరికే తిననులే, డబ్బిచ్చే తింటాను.

మీ పెద్దమ్మ