సేవకుని దేహము

ఆసుపత్రులలో రోగుల బంధువులు తఱచుగా ఒక మాట అనుచుందురు: "చేతికి తొడుగు లేనిదే ముట్టుకొనరు, వీరికి దయ యెక్కడిది?" ఈ మాట వెనుక ఒక ప్రాచీనమైన భావన కలదు. నిజమైన సేవకుడు తన దేహమును గూర్చి తలపడనియు, తలచినచో అతని త్యాగము మలినమగుననియు మనము నమ్ముచున్నాము. ఈ నమ్మకము సరియైనదేనా?

2018 మే నెలలో, కేరళమందలి పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో నర్సుగా నుండిన లినీ నిపా వ్యాధిచే మరణించినది. ఆమె ఒక రోగికి పరిచర్య చేసినది. అతనిని పీడించుచున్నది నిపా యని అప్పటికి ఎవ్వరికిని తెలియదు. తాను బ్రదుకనని గ్రహించి, భర్తకు నాలుగు మాటలు వ్రాసి, ఇద్దరు పసిబిడ్డలను అతనికి అప్పగించినది. దేశము ఆమెను కన్నీటితో స్మరించినది. స్మరించుట ఉచితమే. కాని ఆ మరణమున రెండు విషయములు కలసియున్నవి: ఆమె చూపిన ప్రేమ యొకటి, ఆమెకు తెలియకుండిన అపాయ మొకటి. మొదటిది పూజ్యము. రెండవది పూజ్యము కాదు, తొలగింపదగినది. మనము ఈ రెంటికిని కలిపి హారతి పట్టుచున్నాము.

గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మ మూడు విధములుగా విభజింపబడినది. రాబోవు ఫలమును, నష్టమును, పరులకు కలుగు హానిని, తన శక్తిని చూడక మోహముచే ఆరంభించునది తామసకర్మ యని అచట చెప్పబడినది. ధైర్యమను పేర వట్టిచేతితో రక్తమును ముట్టువాడు ఏ కోవకు చెందునో పాఠకులే యోచింతురు గాక. సకల జాగ్రత్తలును తీసికొనిన పిమ్మటను కొంత అపాయము మిగులును. దానిని తెలిసి స్వీకరించుటయే సేవకుని త్యాగము.

పరులకు కలుగు హాని యను మాటను ఇచట గట్టిగా పట్టుకొనవలెను. 1847లో వియన్నా నగరమున కొల్లెచ్కా అను ఆచార్యుడు శవపరీక్ష జరుపుచుండగా విద్యార్థి చేతికత్తి ఆయన వ్రేలికి తగిలినది. కొలది దినములకే ఆయన మరణించెను. మిత్రుడైన సెమ్మెల్‌వైస్ ఆ దేహపరీక్షా వివరములు చదివి నివ్వెఱపోయెను. ప్రసూతిశాలలో సూతికాజ్వరముతో పోవుచున్న తల్లుల దేహములయందలి చిహ్నములే అందును కలవు! వైద్యుని చంపిన విషమే వైద్యుల చేతులమీదుగా తల్లులను చేరుచున్నది. క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగుకొనుటను ఆయన నియమముగా చేసెను. 1846లో ఆ శాలలో నూటికి 11 మంది తల్లులు మరణింపగా, 1848 నాటికి ఆ సంఖ్య ఒకటికి కొంచెము పైకి దిగినది. ఇక చేయి కడుగుకొనుట తనకొఱకా, రోగికొఱకా యని విడదీయుట కవకాశ మెక్కడ?

సూది విషయము మఱింత సూక్ష్మమైనది. హెపటైటిస్-బి రోగి రక్తమంటిన సూది, టీకా పొందనివానికి గ్రుచ్చుకొన్నచో, ఒక్కొక్కప్పుడు నూటికి 30 వంతుల వఱకు వ్యాధి సోకవచ్చును, హెచ్.ఐ.వి. విషయమున అది వేయింటికి సుమారు 3 వంతులు. ఆ సూది వైద్యునికే గ్రుచ్చుకొనునని లేదు. ఆయన చెత్తసంచిలో పారవేసినది, తెల్లవారి ఆ సంచి నెత్తు పారిశుద్ధ్య కార్మికుని అరచేతిలో దిగవచ్చును. వైద్యుని త్యాగమును పత్రికలు కొనియాడును. ఇతని పే రెవ్వరును వ్రాయరు. తన అజాగ్రత్తను ధైర్యమని తలచిన వైద్యుడు ఇతని దేహమును ఏ అధికారముతో పణముగా పెట్టెను? చేసినవాని కంటబడనంత మాత్రమున హింస హింస కాకపోదు.

2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమావళి, వాడిన సూదులను అవి చొచ్చుకొని బయటికి రాలేని తెల్లని పెట్టెలలో వేయవలెననియు, ఆ వ్యర్థములను ముట్టువారికి హెపటైటిస్-బి, ధనుర్వాతముల టీకాలు వేయింపవలెననియు విధించినది. తొడుగు లీయక, టీకా వేయింపక, సేవయే పూజ యని గోడపై వ్రాయించు యాజమాన్యము పరుల దేహమును నైవేద్యము పెట్టుచున్నది.

సూది గ్రుచ్చుకొన్న నర్సు పెక్కుమార్లు ఆ సంగతిని దాచును. నిందింతురను జంకు, రోగమున్నదని దూరముంతురను భయము ఆమె నోటిని మూయును. గాయమును పిండక, వెంటనే సబ్బుతోను పాఱునీటితోను కడిగి, ఆలసింపక పైవారికి చెప్పవలెను. హెచ్.ఐ.వి.ని నిరోధించు మందును 72 గంటలలోపల, వీలైనచో మొదటి గంటలలోనే, ఆరంభించి 28 దినములు వాడవలసియుండును. ఆ గంటలన్నియు ఆమె మౌనములో గడచిపోవచ్చును. వణకుచు వచ్చి నిలిచిన ఆమెను పైయధికారి మొదట అడుగు ప్రశ్న "ఇట్లేల చేసితివి?" అనియా, "ఎప్పుడు గ్రుచ్చుకొన్నదమ్మా?" అనియా?