తండ్రి తాగితే కొడుకూ తాగాలా?

"వాళ్ల తాత తాగుబోతు, నాన్న తాగుబోతు. వీడు మాత్రం బాగుపడతాడా?" మన ఊళ్లలో రచ్చబండ దగ్గర, బడి వరండాలో, చివరకు గుడి మెట్ల మీద కూడా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. అనేవారికి తెలియకపోయినా అదొక సిద్ధాంతం. దాని పేరు నియతివాదం. పుట్టిన ఇల్లు, పెరిగిన వాడ, చుట్టూ ఉన్న సమాజం మనిషి నడతను ముందే నిర్ణయించివేస్తాయని దాని సారాంశం. కాదు, అవే పరిస్థితులలో మనిషి మరో విధంగా నడుచుకొనే వీలున్నదనేది అనియతివాదం. ఈ తగాదా గురువిద్యాలయంలోని తత్త్వశాస్త్ర తరగతితో ముగిసేది కాదు. మన పిల్లల బ్రతుకులు దీనితో ముడిపడి ఉన్నాయి.

నియతివాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. దాని వెనుక లెక్కలున్నాయి. బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే 1835లో ప్రచురించిన గ్రంథంలో ఫ్రాన్సు న్యాయస్థానాల నేర పట్టికలను పరిశీలించాడు. ఏటేటా నేరాల సంఖ్య ఇంచుమించు అంతే. నేరాన్ని సిద్ధం చేసి ఉంచేది సమాజమేనన్నట్లు ఆయనకు తోచింది. 1897లో ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు ఎమిల్ డర్ఖైమ్ ఆత్మహత్యలపై గ్రంథం వెలువరించాడు. మనిషి ఒంటరిగా తీసుకొనే నిర్ణయమని మనం అనుకొనే దానిలో కూడా, ఒక్కొక్క దేశపు రేటు ఏళ్ల తరబడి పెద్దగా మారకపోవటాన్ని ఆయన చూపించాడు. ప్రొటెస్టెంట్లలో కంటే కథోలికులలో ఆ రేటు తక్కువన్నాడు. కారణం బోధలో తేడా కాదు, ఆత్మహత్య తప్పని రెండు సంఘాలూ బోధించాయి. మనుషులను కలిపి ఉంచే బంధం ఒకచోట గట్టిగా ఉన్నదన్నాడు. ఆ లెక్కలలోని లోపాలను తరువాతివారు ఎత్తిచూపారు. అయినా ఒంటరితనం మనిషిని క్రుంగదీస్తుందన్న సంగతి మనకు తెలియనిది కాదు.

అయితే మనిషి కీలుబొమ్మేనా? ఇక్కడ కాస్త ఆగాలి. రేటు అనేది గుంపుకు చెందినది. నూటికి ఇంతమంది తప్పిపోతారని లెక్క చెప్పవచ్చు. అందులో "నీవు ఒకడివి" అని ఏ ఒక్కరి భుజం మీదా అది చేయి వేయదు. మానవునికి స్వేచ్ఛా సంకల్పం ఉన్నదా లేదా అనేది సమాజశాస్త్రం తేల్చవలసిన పని కాదని డర్ఖైమ్ సైతం 1895లోనే వ్రాశాడు. లెక్క వేసినవాడే ఇవ్వని తీర్పును మనం రచ్చబండ మీద కూర్చుని ఇచ్చేస్తున్నాం!

మరొక సంగతి. రాయిని గురించి జోస్యం చెబితే రాయి వినదు. మనిషి వింటాడు. అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1948లో దీనికి ఒక ఉదాహరణ చూపాడు. బాగా నడుస్తున్న బ్యాంకు దివాలా తీయబోతున్నదని పుకారు పుడుతుంది. ఖాతాదారులందరూ డబ్బు కోసం ఎగబడతారు. బ్యాంకు నిజంగానే దివాలా తీస్తుంది. ఉదయం అబద్ధమైనది సాయంత్రానికి నిజమవుతుంది. "వీడికి చదువు రాదు" అని వెనుక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లవాడి కథ కూడా ఇంతే. వాడు పదవ తరగతి తప్పిన రోజున "నేను ముందే చెప్పలేదా?" అంటాం. మన మాటే వాడిని అక్కడకు నెట్టిందేమోనని ఆలోచించం.

పీటర్ బెర్గర్ 1963లో వ్రాసిన పుస్తకంలో సమాజాన్ని బొమ్మలాటతో పోల్చాడు. మనలను ఆడించే దారాలు నిజంగానే ఉన్నాయి. కాని బొమ్మ తల ఎత్తి ఆ దారాలను చూడలేదు, మనిషి చూడగలడు. అదే స్వేచ్ఛకు తొలి మెట్టు. "మా ఇంట్లో ఈ జబ్బు ఉన్నది, నేను జాగ్రత్తగా ఉండాలి" అని ఆ కుర్రవాడు అనుకొన్న నాడు దారం తెగకపోవచ్చు, కాస్త వదులవుతుంది.

అలాగని దారాలే లేవనటం కూడా తప్పే. "నేను నా కష్టంతో పైకొచ్చాను, వాళ్లు సోమరులు" అనే పెద్దమనిషి, తనను బడికి పంపిన తల్లిని, ఫీజు కట్టిన మేనమామను మరచిపోతున్నాడు.

మనం చేస్తున్న పొరపాటు ఇది. మన తప్పుకు పరిస్థితులను సాకుగా చూపుతాం, పొరుగువాడి తప్పుకు అతని బుద్ధినే నిందిస్తాం. దీనిని తిరగవేద్దాం. పొరుగువాడిని చూచేటప్పుడు అతని పరిస్థితులను తలచుకొందాం, మనలను చూచుకొనేటప్పుడు మనకున్న స్వేచ్ఛను తలచుకొందాం. మొదటిది దయ, రెండవది నిజాయితీ.

ఈసారి గుడి మెట్ల మీద ఆ మాట వినిపిస్తే, "వాడికి ఇంకా పన్నెండేళ్లేనండీ" అని ఒక్క మాట అనండి. ఆ సాయంత్రం వాడిని ఇంటికి పిలిచి, మీ పిల్లల ప్రక్కన కూర్చోబెట్టి చదివించండి.